లైపేజ్ 610, పీసీవీ 51: నేను తప్పు నంబర్ అడిగిన రాత్రి

ఒకే రాత్రి, గంట తేడాతో ఇద్దరు పేషెంట్లు దాదాపు ఒకేలాంటి కడుపునొప్పితో వచ్చారు. ఇద్దరిదీ అక్యూట్ పాంక్రియాటైటిసే, అంటే పాంక్రియాస్ (క్లోమగ్రంథి) ఉన్నట్టుండి వాచిపోవడం. ఒకావిడ ఏడో రోజు నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయింది, ఒకతను 24 రోజులు హాస్పిటల్లోనే ఉన్నాడు, అందులో 9 రోజులు ఐసీయూలో. ఎవరి కథ ఎటు తిరగబోతుందో వచ్చిన గంటలో తీసిన మామూలు రక్తంలోనే చాలావరకు ఉంది, సీబీసీ (రక్తకణాల లెక్క), యూరియా, క్రియాటినిన్ (రెండూ కిడ్నీల సంగతి చెప్పేవి), అంతే, ఖరీదైన టెస్ట్ ఒక్కటీ అక్కర్లేదు. మేమే సరిగ్గా చదవలేదు. మేం అంటే ముందు నేను. పేషెంట్లని గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను, డ్యూటీల్లో ఉండే జూనియర్లకి ఎక్కడైనా పనికొస్తుందని.

రాత్రి పదకొండున్నరకి డ్యూటీ జూనియర్ ఫోన్ చేశాడు. "సార్, పాంక్రియాటైటిస్ కేసులు రెండొచ్చాయి."

"లైపేజ్ ఎంత?" అన్నాను. లైపేజ్ అంటే పాంక్రియాస్ దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైమ్. ఇదిగో, తప్పు ఇక్కడే మొదలైంది.

"లేడీకి 4,200 సార్, ఇంకొకతనికి 610."

"ఆవిడ్ని హెచ్‌డీయూలో పెట్టెయ్, మానిటర్ పెట్టు. అతన్ని వార్డులో వెయ్యి, ఫ్లూయిడ్స్, నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వు, పొద్దున రౌండ్స్‌లో చూద్దాం." హెచ్‌డీయూ అంటే వార్డుకీ ఐసీయూకీ మధ్యలో, నిఘా ఎక్కువుండే యూనిట్. ఫోన్ పెట్టేసి పడుకున్నాను. పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) అడగలేదు, యూరియా అడగలేదు, యూరిన్ వస్తుందా అని కూడా అడగలేదు.

ఆ ల్యాబ్‌లో లైపేజ్ నార్మల్ పై హద్దు 60. డయాగ్నోసిస్‌కి మనకి కావాల్సింది మూడింట్లో రెండు: టిపికల్ నొప్పి, లైపేజ్ లేదా అమైలేజ్ (పాంక్రియాస్‌దే ఇంకో ఎంజైమ్) మూడు రెట్లు దాటడం, స్కాన్‌లో కనపడటం. 610 అయినా 4,200 అయినా మూడు రెట్లు దాటినట్టే, అక్కడితో లైపేజ్ పని అయిపోయింది. అది ఎంత పెరిగింది అన్నదానికీ జబ్బు ఎంత తీవ్రం అన్నదానికీ సంబంధం లేదు. ఇది మనందరికీ ఎంబీబీఎస్‌లోనే చెప్తారు, అయినా రాత్రి పదకొండున్నరకి నోట్లోంచి వచ్చే ప్రశ్న మాత్రం అదే. పైగా గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) రాళ్ల వల్ల వచ్చిన దాంట్లో ఎంజైములు బాగా పైకి వెళ్తాయి, ఏళ్ల తరబడి తాగి తాగి పాంక్రియాస్ ముందే దెబ్బతిన్నవాళ్లలో ఆ ఎంజైమ్ తయారుచేసే కణాలే తగ్గిపోయి ఉంటాయి కాబట్టి అంత పైకి వెళ్లకపోవచ్చు, అంటే చిన్న నంబర్ చూసి ధైర్యపడితే మోసపోయేది సరిగ్గా ఇలాంటి పేషెంట్ దగ్గరే.

ఇద్దరి రిపోర్టులు

అతనికి 42 ఏళ్లు, దాదాపు 70 కిలోలు, నొప్పి మొదలై 14 గంటలు, వీపులోకి పాకుతోంది, నాలుగైదు వాంతులు, ఆల్కహాల్ హిస్టరీ ఉంది. పల్స్ 112, బీపీ 110/70, శ్వాస నిమిషానికి 22, ఆక్సిజన్ 95 శాతం, మనిషి పూర్తి తెలివిలో ఉన్నాడు. హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 17.1, పీసీవీ 51, తెల్లకణాలు 17,800, షుగర్ 212, యూరియా 46, క్రియాటినిన్ 1.2, కాల్షియం 8.3, ఆల్బుమిన్ 3.9, ట్రైగ్లిజరైడ్స్ 420. అల్ట్రాసౌండ్‌లో పాంక్రియాస్ వాచి ఉంది, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు లేవు. ఎక్స్‌రే క్లియర్.

ఆవిడకి 35. పల్స్ 88, హెచ్‌బీ 12.3, పీసీవీ 37, తెల్లకణాలు 11,200, యూరియా 22, క్రియాటినిన్ 0.7, ఏఎల్‌టీ 310. ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ 150 దాటితే రాళ్లని గట్టిగా అనుమానించాలి, స్కాన్‌లో గాల్‌బ్లాడర్ నిండా అవే ఉన్నాయి. పొట్ట నొక్కితే నొప్పి ఉంది కానీ గట్టిగా బిగుసుకుపోలేదు.

ఆవిడ రిపోర్ట్ మీద పెద్దగా బుర్ర పెట్టాల్సిన పనే లేదు. హాప్స్ అని ఒక స్కోర్ ఉంది, 2009లో వచ్చింది, 'హార్మ్‌లెస్' అన్న మాట దాని పేరులోనే ఉంటుంది. మూడే చూస్తుంది: పొట్ట బిగుసుకుపోయిందా లేదా నొక్కి వదిలినప్పుడు నొప్పి ఉందా, క్రియాటినిన్ 2 దాటిందా, పీసీవీ మగవాళ్లలో 43, ఆడవాళ్లలో 39.6 దాటిందా. మూడూ లేకపోతే ఆ పేషెంట్‌కి సీరియస్ అయ్యే అవకాశం చాలా తక్కువ. ఆవిడకి మూడూ లేవు. అయినా లైపేజ్ పుణ్యమా అని రాత్రంతా హెచ్‌డీయూలో మానిటర్ చప్పుళ్ల మధ్య కళ్లు మూతపడకుండా గడిపింది, పాపం. ఐదో రోజు అదే అడ్మిషన్లో గాల్‌బ్లాడర్ తీసేశాం. ఆవిడ సంగతి ఇంతే.

అతని దగ్గరికొస్తే, జూనియర్ బైసాప్ అని, తీవ్రత అంచనా వేసే స్కోర్ వేశాడు, బాగానే వేశాడు. 2008లో వచ్చిన ఈ స్కోర్‌లో ఐదు పాయింట్లు: బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్) 25 దాటడం, స్పృహలో తేడా, సిర్స్ (ఒళ్లంతా ఇన్ఫ్లమేషన్ ఉందనే లక్షణాలు), వయసు 60 దాటడం, ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తుల చుట్టూ నీరు). అతనికి సిర్స్ ఉంది (పల్స్, శ్వాస, తెల్లకణాలు మూడూ ఎక్కువే), మిగతావి లేవు. మొత్తం 1. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే కంగారు కాబట్టి "లో రిస్క్" అని ఫైల్‌లో రాశాడు. స్కోర్ తప్పు కాదు, ఆ క్షణానికి అది 1నే. కానీ స్కోర్‌లో లేని నంబర్ ఒకటి అదే కాగితం మీద ఉంది.

పేషెంట్ తమ్ముడు ఆ రాత్రి సీబీసీ కాగితం పట్టుకుని సిస్టర్‌ని అడిగాడట, రక్తం ఎలా ఉందని. "హెచ్‌బీ 17 ఉంది, రక్తం బ్రహ్మాండంగా ఉంది" అందట సిస్టర్. వాళ్లకి కాస్త ధైర్యం వచ్చింది. ఆవిణ్ణి ఏమనను, నేను కూడా ఫోన్లో విని ఉంటే అదే అనేవాణ్ణేమో. రక్తం ఎక్కువ లేదు, నీళ్లు తక్కువయ్యాయి.

42 నుంచి 51కి

పొద్దున ఎనిమిదికి రౌండ్స్‌లో అతన్ని చూడగానే నచ్చలేదు. నాలుక ఎండిపోయి ఉంది, పల్స్ 118, ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. రాత్రి ఒక బాటిల్ ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్, డ్రిప్‌లో ఎక్కించే ఫ్లూయిడ్) ఎక్కించి, తర్వాత గంటకి 60 ఎంఎల్ పెట్టారు. యూరిన్ ఎంత అంటే ఎవరి దగ్గరా లెక్క లేదు, "తెల్లారుజామున ఒకసారి వెళ్లాడండీ, కొంచెమే, ఎర్రగా ఉంది" అని తమ్ముడు చెప్పాడు.

ఫైల్ తిప్పుతుంటే పీసీవీ 51 కనపడింది. "ఇదివరకు ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించారా?" అంటే తమ్ముడు ఫోన్ తీసి వెతికి వెతికి ఒక ఫోటో చూపించాడు, మూడు నెలల కిందటి సీబీసీ, మడతలు పడ్డ కాగితం, మీద బొటనవేలు అడ్డం. హెచ్‌బీ 14, పీసీవీ 42.

అక్కడే నిలబడి లెక్కేశాను. ఎర్రకణాలు అంతే ఉన్నాయనుకుందాం, మూడు నెలల్లో పెరిగేదేం లేదు. పీసీవీ 42 నుంచి 51కి వచ్చిందంటే మొత్తం రక్తం 100 ఉండాల్సింది 82కి పడిపోయింది. పోయిన 18 మొత్తం ప్లాస్మానే. ముందు 100లో ప్లాస్మా 58, ఇప్పుడు 40. అంటే మూడో వంతుకి కాస్త తక్కువగా ప్లాస్మా మాయమైంది. 70 కిలోల మనిషిలో ప్లాస్మా మూడు లీటర్ల లోపే ఉంటుంది, అందులో దగ్గర దగ్గర 900 ఎంఎల్ రక్తనాళాల్లోంచి బయటికెళ్లిపోయింది, 14 గంటల్లో, చుక్క రక్తం కారకుండా. వాంతుల్లో కొంత పోయింది, ఎక్కువభాగం వాచిన పాంక్రియాస్ చుట్టూ, పేగుల చుట్టూ కారిపోయింది. ఇన్ఫ్లమేషన్‌తో కేపిల్లరీలు జల్లెడైపోతే జరిగేది ఇదే. చిక్కబడ్డ రక్తం సన్నటి నాళాల్లో సరిగ్గా పారదు, పాంక్రియాస్‌కి అసలే అంతంతమాత్రంగా అందుతున్న రక్తం ఇంకా తగ్గుతుంది. అడ్మిషన్లో పీసీవీ 44 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, 24 గంటలకి కూడా తగ్గకపోతే పాంక్రియాస్ చచ్చుబడే నెక్రోసిస్‌కి, ఆర్గాన్ ఫెయిల్యూర్‌కి భయపడాలి అని చెప్పేది ఇందుకే.

పాత రిపోర్ట్ లేకపోయినా 51 ఎక్కువే, తెలిసేది. కానీ అదే మనిషికి మామూలుగా పీసీవీ 33 ఉండే రక్తహీనత ఉందనుకోండి, ఇంతే ప్లాస్మా కారితే 40, 41 దగ్గర ఆగేది, రిపోర్ట్‌లో నార్మల్ అని వచ్చేది, ఎవరూ రెండోసారి చూసేవాళ్లు కాదు. అందుకే పీసీవీని హద్దులతో కాకుండా ఆ మనిషి మామూలు నంబర్‌తో పోల్చాలి, దొరక్కపోతే కనీసం పన్నెండు గంటల తర్వాత దాని నంబర్‌తోనే పోల్చాలి. పొగతాగేవాళ్లలో, ఎత్తైన చోట ఉండేవాళ్లలో మామూలుగానే ఎక్కువుంటుంది, అదొకటి గుర్తుంచుకోవాలి.

చిన్న చెక్ ఒకటి: హెచ్‌బీని 3తో గుణిస్తే పీసీవీకి దగ్గరగా రావాలి. ఇతనిది 17.1, మూడు పెట్టి గుణిస్తే 51.3, సరిపోయింది. సరిపోకపోతే శాంపిల్ అనుమానించండి, ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్స్ వేలల్లో ఉండి సీరం పాలలా వచ్చినప్పుడు హెచ్‌బీ ఉత్తుత్తిగా పెరిగి కనపడుతుంది, అమైలేజ్ అయితే నార్మల్‌గా కూడా వచ్చేస్తుంది.

ఇక యూరియా. చాలామంది జూనియర్లు ఇక్కడే జారతారు. స్కోర్లలో ఉండేది బీయూఎన్, చాలా ల్యాబులు ఇచ్చేది బ్లడ్ యూరియా. రెండూ ఒకటి కాదు, యూరియాని 2.14తో భాగిస్తే బీయూఎన్. 46ని భాగిస్తే 21.5. మన జూనియర్ భాగించాడు కాబట్టి 25 దాటలేదని సరిగ్గా చెప్పాడు, భాగించకుండా 46 అని వేసుకుంటే సగం వార్డు హై రిస్క్ అయిపోతుంది. అయితే 25 దాటకపోయినా, వచ్చేటప్పటికే 20 దాటి ఉందంటే దాన్ని ఒక కంట కనిపెట్టాలి, 24 గంటల్లో అది ఇంకా పెరిగిందంటే ఆ పెరుగుదల మరణం రిస్క్‌తో కలిసి నడుస్తుంది.

ఆ రోజు మిగతాది

పది గంటలకి మళ్లీ శాంపిల్ పంపాను. పన్నెండుకి వచ్చింది: పీసీవీ 50.4, యూరియా 62 అంటే బీయూఎన్ 29, క్రియాటినిన్ 1.6. రాత్రంతా ఫ్లూయిడ్ పోయినా పీసీవీ కదల్లేదు, యూరియా ఎక్కింది. నా దృష్టిలో కేసు తీర్పు అక్కడే వచ్చేసింది. వట్టి వాంతులతో ఎండిపోయిన మనిషైతే లీటరు పైన పోయాక పీసీవీ దిగాలి, యూరియా ఆగాలి. ఇతనికి పైనుంచి పోసేది కిందనుంచి కారిపోతోంది.

"సీఆర్‌పీ 38యే వచ్చింది సార్" అన్నాడు జూనియర్, కాస్త ఆశగా. నాకు నవ్వొచ్చింది, జాలి కూడా. సీఆర్‌పీ అంటే ఇన్ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే ప్రోటీన్, అది లివర్లో తయారవ్వాలి, దానికి సిగ్నల్ వెళ్లాలి, పూర్తిగా ఎక్కేసరికి 48 నుంచి 72 గంటలు. లీటర్‌కి 150 మిల్లీగ్రాములు దాటితే సీరియస్ అనే హద్దు 48 గంటలప్పుడు చూడాల్సింది. మొదటి రోజు సీఆర్‌పీ తక్కువుందని ఊపిరి పీల్చుకోవడం అంటే పరీక్ష రాయకముందే రిజల్ట్ చూసుకోవడం లాంటిది. (ఇతనికే 48 గంటలకి 286 వచ్చింది.) యూనిట్ కూడా చూసుకోండి, కొన్ని ల్యాబులు డెసిలీటర్‌లో ఇస్తాయి, అక్కడ 15 అంటే ఇక్కడ 150.

కాథెటర్ పెట్టించి, 700 ఎంఎల్ ఆర్ఎల్ బోలస్ (ఒకేసారి త్వరగా ఎక్కించడం), అంటే కిలోకి 10 చొప్పున, తర్వాత గంటకి 105, అంటే కిలోకి ఒకటిన్నర. ఎందుకు ఇంకా దంచి ఎక్కించలేదు అని ఆ సాయంత్రం మా సర్జన్ కూడా అడిగాడు. పాత రోజుల్లో నేనూ దంచేవాణ్ణే. 2022లో వాటర్‌ఫాల్ ట్రయల్ వచ్చాక మానేశాను, ఎక్కువ ఫ్లూయిడ్ ఇచ్చిన గ్రూపులో ఫ్లూయిడ్ ఓవర్‌లోడ్ 20.5 శాతం, మితంగా ఇచ్చినవాళ్లలో 6.3 శాతం, జబ్బు తీవ్రతలో మాత్రం లాభం ఏమీ కనపడలేదు, ట్రయల్ మధ్యలోనే ఆపేశారు.

సాయంత్రం ఐదింటికి రిపోర్ట్ చూసి ఒక్క నిమిషం అందరం సంతోషపడ్డాం: పీసీవీ 39! మధ్యాహ్నం 50 ఉన్నది ఐదు గంటల్లో 39. నిజమనిపించలేదు. అదే శాంపిల్లో ఆల్బుమిన్, కాల్షియం, ప్లేట్‌లెట్లు అన్నీ ఒక్కసారే కిందకి దిగి ఉన్నాయి. "ఏ చెయ్యి సిస్టర్?" అంటే కుడి చెయ్యి అంది, డ్రిప్ పోతున్నదీ అదే చెయ్యి, శాంపిల్ తీసింది కాన్యులాకి (డ్రిప్ సూదికి) పైన. ఎడం చేతి నుంచి మళ్లీ తీస్తే 49. రక్తంతో పాటు ఆర్ఎల్ కూడా ల్యాబ్‌కి వెళ్లింది మరి. ఒకవేళ ఆ 39ని నమ్మి రాత్రికి ఫ్లూయిడ్ తగ్గించి వార్డులోనే ఉంచేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించను.

రాత్రి పదిన్నర, వచ్చి సరిగ్గా 24 గంటలు. పీసీవీ 47, యూరియా 70, క్రియాటినిన్ 2.1, ఆక్సిజన్ 90కి పడింది, ఎక్స్‌రేలో ఎడమవైపు ఎఫ్యూజన్. నిన్న రాత్రి 1 ఉన్న బైసాప్ ఇప్పుడు 3. ఐసీయూకి మార్చాం.

తర్వాతిది త్వరగా చెప్తాను. హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉంచాం, వెంటిలేటర్ దాకా వెళ్లలేదు. మూడో రోజు నుంచి ముక్కుగొట్టంతో ఫీడ్స్ మొదలుపెట్టాం, ఇన్ఫెక్షన్ ఆధారం లేదు కాబట్టి యాంటీబయాటిక్స్ పెట్టలేదు, రోజూ ఎవరో ఒకరు పెడదామనేవాళ్లు, పెట్టలేదు. క్రియాటినిన్ 2.4 దాకా వెళ్లి దిగింది. ఊపిరితిత్తులే ఇబ్బంది పెట్టాయి, పీఎఫ్ రేషియో (ఊపిరితిత్తులు రక్తానికి ఆక్సిజన్ ఎంత బాగా అందిస్తున్నాయో చెప్పే నంబర్) నాలుగు రోజులు 300 కిందే ఉంది, ఆర్గాన్ ఫెయిల్యూర్ 48 గంటలు దాటి నిలిచింది కాబట్టి 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం ఇది సివియర్. ఆరో రోజు సీటీలో బాడీ, టెయిల్ భాగంలో నెక్రోసిస్. సీటీ మొదటి రోజే ఎందుకు తీయలేదని తమ్ముడు అడిగాడు, మొదటి రెండు మూడు రోజుల్లో నెక్రోసిస్ సీటీలో సరిగ్గా తెలియదు, తీసినా తక్కువ చేసి చూపిస్తుంది అని చెప్పాను.

రెండో రోజు కాల్షియం 7.1 అని వచ్చినప్పుడు ఐసీయూలో కాస్త గందరగోళం అయింది, ఇంజెక్షన్ రెడీ చేసేశారు. ఆల్బుమిన్ 2.6 ఉంది. ఆల్బుమిన్ తగ్గితే కాల్షియం కూడా తక్కువ చూపిస్తుంది, దాన్ని సరిచేయాలి: 4లోంచి 2.6 తీస్తే 1.4, దాన్ని 0.8తో గుణించి కలిపితే 8.2. కాల్షియం పడిపోవడం చెడ్డ సూచనే, కొవ్వు కరిగి దాంతో కాల్షియం సబ్బులా పట్టుకుంటుంది, రాన్సన్ అనే సర్జన్ 1974లోనే 8 కంటే తక్కువ కాల్షియంని తన తీవ్రత సూచనల లిస్టులో పెట్టాడు, కానీ ఇక్కడ పడిపోయింది ఎక్కువగా ఆల్బుమినే. వీలుంటే అయోనైజ్డ్ కాల్షియం (ఆల్బుమిన్‌కి అంటుకోకుండా ఉండే భాగం) చూడటం మేలు, రక్తంలో గ్యాసులు చూసే ఏబీజీ మెషీన్‌లోనే వస్తుంది.

మరి ముందే తెలిస్తే ఏం చేసేవాణ్ణి

ఇది నన్ను చాలామంది అడిగారు, నన్ను నేనూ అడుక్కున్నాను. రాత్రి పదకొండున్నరకే పీసీవీ అడిగి ఉంటే నెక్రోసిస్ ఆగేదా? ఆగేదని చెప్పలేను, జబ్బు దారి మార్చే మందు మన చేతిలో లేదు. మారేది ఇంకోటి. అతను హెచ్‌డీయూలో ఉండేవాడు, గంటగంటకీ యూరిన్ కొలిచేవాళ్లు, పీసీవీ యూరియా ఆరు గంటలకే రిపీట్ అయ్యేవి, నేను పొద్దున ఎనిమిదికి కాకుండా రాత్రే వచ్చేవాణ్ణి. ఇంట్లోవాళ్లకి "రక్తం బ్రహ్మాండంగా ఉంది" అని కాకుండా "రేపు ఈపాటికి ఐసీయూ పట్టొచ్చు" అని చెప్పేవాళ్లం. మర్నాడు రాత్రి ఐసీయూకి మారుస్తుంటే అతని భార్య "నిన్న రాత్రి బాగానే ఉందన్నారు కదండీ" అంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకో మాట. ఈ మామూలు టెస్టులు "ఇతనికేం కాదు" అని చెప్పడంలో ఉన్నంత గట్టిగా "ఇతనికి అవుతుంది" అని చెప్పడంలో ఉండవు. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మైల్డ్‌గానే పోతుంది కాబట్టి పీసీవీ 46 ఉన్న పదిమందిని తీసుకుంటే చాలామంది నాలుగు రోజుల్లో ఇంటికే వెళ్తారు. అందుకే నేను 51 చూసి సివియర్ అని రాయను, 51 చూసి నిఘా పెంచుతాను, పన్నెండు గంటల తర్వాత అది ఎటు కదిలిందో చూసి అప్పుడు మాట్లాడతాను. ఎన్ఎల్ఆర్ (న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనే తెల్లకణాల నిష్పత్తి) కూడా లెక్కేస్తుంటారు ఈమధ్య, ఇతనికి న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్స్ 6, అంటే 14 దాటింది, ఎక్కువే. కానీ అందరూ ఒప్పుకున్న హద్దంటూ లేదు, స్టెరాయిడ్ ఒక్క డోసు పడినా మారిపోతుంది, కాబట్టి నోట్స్‌లో రాసుకుంటాను, దాని మీద బెడ్ మార్చను. ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ అయితే శాంపిల్ కాస్త హీమోలైజ్ అయినా (ఎర్రకణాలు పగిలినా) ఆకాశానికి వెళ్తుంది. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లలో యూరియా, షుగర్ ఉన్నవాళ్లలో గ్లూకోజ్ మొదటి నంబర్‌గా పెద్దగా పనికిరావు, వాటి కదలికే చూడాలి.

ఇప్పుడు మా వార్డులో పాంక్రియాటైటిస్ కేస్ షీట్ పైన చేత్తో గీసిన ఒక చిన్న గడి ఉంటుంది. అడ్మిషన్, 12, 24, 48 గంటలు, ఎదురుగా పీసీవీ, యూరియా, క్రియాటినిన్, పల్స్, యూరిన్, ఏ చేతి నుంచి తీశారు. లైపేజ్‌కి గడి లేదు, జూనియర్లు మొదట్లో పక్కన మార్జిన్‌లో రాసేవాళ్లు, ఇప్పుడు మానేశారు.

ఆరు వారాలకి అతను తమ్ముడితో చెకప్‌కి వచ్చాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు. సీటీలో నెక్రోసిస్ చుట్టూ గోడ కట్టుకుని గడ్డలా ఉంది, నొప్పి లేదు, జ్వరం లేదు, తింటున్నాడు, కాబట్టి దాని జోలికి పోలేదు. షుగర్ కాస్త ఎక్కువుంది, మూడు నెలలకోసారి చూసుకోమన్నాను, మందు మళ్లీ ముట్టొద్దని ఇద్దరికీ కూర్చోబెట్టి చెప్పాను. పీసీవీ 40, యూరియా 24. తమ్ముడు ఆ కాగితం బల్ల మీద సాపుగా పరిచి, ఈసారి బొటనవేలు అడ్డం రాకుండా ఫోటో తీసుకున్నాడు.